మొహమాటం లేని పని

షాంటిలీ. శనివారం మధ్యాహ్నం. రూతు వంటింట్లో పొయ్యి మీద రేపటి చర్చి భోజనానికి పలావు, గట్టు మీద కూతురు ప్రిస్సిల్లా బాల్టిమోర్ నుంచి తెచ్చిన లాప్‌టాప్.

“ఆపు, ఆపు. అక్కడాపు ప్రిస్సీ. ఏం రాశావు బొమ్మ కింద, ఇంగ్లీషులో?”

“‘మై హ్యాండ్స్ ఫాల్ ఆఫ్’ అని రాశా. చేతులు పడిపోతాయి అందిగా అమ్మా.”

“ఊడి కిందపడతాయనా? ఓసి నా తల్లో! పడిపోవటమంటే సత్తువ పోవటమే. తిమ్మిరెక్కి లేవకపోవటం. బస్తాలు మోసినోళ్ళు కూడా అట్టానే అంటారు.”

“సో, ‘మై ఆర్మ్స్ గో డెడ్.’”

“డెడ్ ఎందుకు మధ్యలో? సర్లే, రాసుకో. మీ ఇంగ్లీషు మీది.”

“థ్యాంక్స్ అమ్మా. నిజంగా. నువ్వు ఒప్పుకోవనుకున్నా.”

“తెలుగు సరిచెయ్యమన్నావు, చేస్తన్నా. ఏం సినిమా అని నేనడగలా, నువ్వు చెప్పలా.”

“చెప్పాను. ఆడవాళ్ళ వర్కింగ్ లైవ్స్ మీద డాక్యుమెంటరీ అని చెప్పాను.”

“ఆ గోడకి వేలాడేది ఏంది మరి? గుర్రాలు తోలిద్దా ఆమె?”

“అది... విప్. అమ్మా, విను. వీళ్ళని డామినేట్రిక్స్ అంటారు. వీళ్ళు ఎవరితోనూ పడుకోరు. ఆ వచ్చే మగాళ్ళు తిట్టించుకోడానికి వస్తారు, చేతులు కట్టేయించుకోడానికి, ఎవరో ఒకళ్ళు ఆర్డర్ వేస్తే నోరు మూసుకుని వినడానికి. రోజంతా ఆఫీస్‌లో అందరి మీదా అరిచేవాళ్ళే ఎక్కువ. అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుని, పే చేసి మరీ వస్తారు.”

“డబ్బులిచ్చి తిట్టించుకుంటారా?”

“అవును.”

“మీ డాడీకి పెళ్ళైన కాడ్నించీ ఫ్రీగానే అయిపోతంది, పాపం.”

“అమ్మా!”

“ఉల్లిపాయలు మాడతన్నై. నేను కలుపుతా, నువ్వు తర్వాతది పెట్టు. వినపడిద్దిలే.”

లాప్‌టాప్‌లోంచి:

“బయటోళ్ళకి కొరడా ఒక్కటే కనపడుద్దండి. నా పనిలో సగం తుడవడవేనండి, ఆయ్. బల్ల తుడవాలి, తోలు పట్టీలు స్పిరిట్ పెట్టి తుడవాలి, తాళ్ళు ఉతికి ఆరేసుకోవాలి. వచ్చినాయన్ని ముందు కూర్చోబెట్టి, బీపీ ఉందా, షుగరుందా, గుండెకి స్టెంటేయించుకున్నారా, అన్నీ అడగాలి. మోకాళ్ళ నెప్పులున్నోళ్ళని నేల మీద కూర్చోనివ్వనండి. మా అత్తగారికి కూడా ఇంత సేవ చెయ్యలేదండి నేను. ఆయ్.”

“నవ్వింది చూశావా? ఎంత బాగా నవ్వుతుందో. అమ్మా, ‘ఆయ్’ అంటే ఏం రాయాలి? నేను ‘యెస్ సర్’ అని పెట్టా. అమ్మా? ఉన్నావా?”

“ఉన్నా.”

“‘ఆయ్’కి ఏం రాయను?”

“ఏం రాయమాక. ప్రిస్సీ, ఈమె మొహం ఎక్కడా చూపించవా?”

“అస్సలు లేదు. చేతులు, వెనకనుంచి జుట్టు, అంతే. వాయిస్ కూడా మార్చాం, పిచ్ బాగా కిందకి దించాం. ఎవ్వరూ పట్టుకోలేరు.”

“గొంతు మారిస్తే మాట మారిద్దా?”

“అంటే?”

“ఆ ‘ఆయ్’ నరసాపురం వైపు మాట. మన చర్చిలో అందరం గుంటూరు, ఒంగోలు. ఇంకా హైద్రాబాదోళ్ళు ఉన్నారు. మాట మాటకీ ‘ఆయ్’ అనే ఆడమనిషి ఒక్కతే ఉండేది.”

“ఉండేది అంటే? అమ్మా, ఎవరనుకుంటున్నావు నువ్వు?”

“అనుకోవటమేంది. లీదియ.”

“...నేను పేరు చెప్పలేదు నీకు.”

“చెప్పలా.”

“ఓ మై గాడ్. ఓ మై గాడ్. ఐదు నిమిషాలు కూడా కాలేదు! పొయ్యి దగ్గర నించుని, అటు తిరిగి కనిపెట్టేశావా? నేను ఆమెకి ప్రామిస్ చేశానమ్మా. మీ వాళ్ళ ముందు పెట్టినా తెలీదు అన్నాను.”

“మా వాళ్ళ ముందు పెడితే పాట మధ్యలో కూడా చెప్పేస్తారు.”

“ఆగు. ఆమె మీ చర్చా? నేనెప్పుడూ చూడలేదే.”

“నువ్వొచ్చిందెప్పుడు? నువ్వు బాల్టిమోర్ పోయింతర్వాత చేరారు వాళ్ళు. ఆమె, మోజెస్ అని ఆమె భర్త. అతను ఏదో బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చేస్తాడు. ఆమె కాయిర్‌లో పాడేది.”

“మోజెస్ ఎవరు... ఉండు. ఇప్పుడు డాడీతో చర్చి పాటల ప్రాక్టీస్‌లో ఉన్నతనా? డ్రమ్స్?”

“ఊఁ.”

“నువ్వు ఫోన్‌లో ‘మంచి పిల్లాడు, కుర్చీలన్నీ తనే సర్దుతాడు’ అంటుంటావే, అతనా?”

“కుర్చీలు సర్దుతాడు. అది అబద్ధం కాదుగా.”

“ఇప్పుడర్థమైంది. ఫస్ట్ డే నా పూర్తి పేరు చెప్పగానే ఆమె ఆగిపోయింది. ప్రిస్సిల్లా షాలేం రాజు అన్నా. కాసేపు చూసి, ‘మీ అమ్మగారు బావున్నారాండీ?’ అంది. తెలుగువాళ్ళు అందరూ అడుగుతారు కదా, మర్యాదకి అడిగిందనుకున్నా.”

“నువ్వేం చెప్పావు?”

“బాగానే ఉంది, కానీ నా పనంటే మా అమ్మకి పడదు, మీలాంటి వాళ్ళతో మాట్లాడుతున్నానని తెలిస్తే చర్చి మొత్తం చేత ప్రేయర్ చైన్ పెట్టిస్తుంది అన్నా.”

“అన్నావా?”

“అన్నా. జోక్ చేశాను. ఆమె నవ్వలేదు. ‘అమ్మల గురించి అలా అనకూడదండి’ అంది.”

“...నీళ్ళు సరిపోయినయ్యో లేదో. ఆ గ్లాసిటివ్వు.”

“అమ్మా, ఆమె చర్చికి ఎందుకు రావట్లేదు?”

“రావట్లేదు, అంతే.”

“రావట్లేదా, రావద్దన్నారా?”

“నువ్వు కోర్టులో అడిగినట్టు అడగమాక.”

“రావద్దన్నారా?”

“వాళ్ళిద్దరికీ పడక ఆమె బయటికొచ్చేసింది. సెంటర్‌విల్‌లో ఎవరిదో బేస్‌మెంట్‌లో ఉండేది. రాజీ చేద్దామని పెద్దలు కూర్చున్నారు. ఆ రోజు అతను అందరి ముందూ అన్నాడు, ‘నా భార్య ఇప్పుడేం పని చేసి బతుకుతుందో అడగండి’ అని. అతనే చెప్పాడు. ఆమె కారెనక తిరిగి కనుక్కున్నాడంట. పాస్టరుగారు ‘నిజమేనా అమ్మా’ అనడిగితే ఆమె నోరు తెరవలా. అవునన్లా, కాదన్లా. మారుమనసు పొందిందాకా సహవాసానికి రావద్దన్నారు.”

“ఆమె ఎందుకు బయటికొచ్చిందో అడిగారా ఎవరైనా? డాడీ ఉన్నాడా ఆ మీటింగ్‌లో?”

“సంఘ పెద్ద కదా. ఉండకుండా ఎట్టా?”

“చెయ్యెత్తాడా?”

“అందరూ ఎత్తారు.”

“నువ్వు?”

“ఆడవాళ్ళని పిలవలా.”

“పిలిస్తే?”

“పలావు కలిపితే ముద్దయిపోయిద్ది, నన్ను పన్లోంచి లాగమాక.”

“ఆమె బయటికెళ్ళింది, అతను డ్రమ్స్ వాయిస్తున్నాడు. వావ్. గుడ్ చర్చ్.”

“నువ్వు చర్చినేమీ అనమాక. ఆ మాట నేననుకోవాలి గానీ నువ్వు కాదు.”

“సరే, అనను.”

“ఆమెని తీసెయ్యి ప్రిస్సీ.”

“ఏంటి?”

“సినిమాలోంచి. మొత్తం తీసెయ్యి. మిగతావాళ్ళు ఉన్నారుగా. ఆ తెల్లావిడ, టీచరుగా చేసినావిడ, ఆవిడ బాగా చెప్తంది. ఆవిణ్ణి పెట్టుకో.”

“సోమవారం ఎడిటింగ్ ముగించి లాక్ చెయ్యాలి అమ్మా నేను! ఫెస్టివల్‌కి పంపాలి. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పెళ్ళి వీడియోలు, కంపెనీ వీడియోలు ఎడిట్ చేసుకుంటూ బతికాను. ఇది ఒక్కటి నాది. మిగతా ముగ్గురూ ఇంటర్వ్యూలకి అలవాటుపడ్డవాళ్ళు. అందంగా మాట్లాడతారు, కెమెరాకి ఏం కావాలో తెలుసు. ఈమె ఒక్కతే ఆలోచించి చెప్తుంది. ఈమెని తీసేస్తే మిగిలేది బల్లలూ తాళ్ళూ చూపించే ఫర్నిచర్ సినిమా. నీ ప్రాబ్లం నాకర్థమైంది. రేపు ఎవరో చూసి, ‘రూతమ్మగారి అమ్మాయి ఇలాంటి సినిమా తీసిందంట, అందులో మన లీదియ ఉందంట’ అంటారు. డాడీ తలెత్తుకోలేడు. అంతేగా?”

“అంతే అనుకో.”

“అయితే ఇది విను. విని, అప్పుడు తీసెయ్యమను. స్టవ్ సిమ్‌లో పెట్టి ఇటు రా. కూర్చో.”

లాప్‌టాప్‌లోంచి:

“నాకు మొహమాటం ఎక్కువండి. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరేం అడిగినా సరే అనేదాన్ని. ఈ పనికి వచ్చాక ముందు నేర్చుకుంది అదొదిలించుకోవడవేనండి. ఇక్కడ రూలేంటంటే, లోపలికొచ్చే ముందే ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకుంటావండి. ఏదో మాట, ‘నిమ్మకాయ’ అనుకోండి. ఆ మాట అతని నోట్లోంచి వచ్చిందంటే నా చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆగిపోవాలి. ఎందుకూ అని అడక్కూడదు. ఇంకొక్కటి అనకూడదు. ఆగి, మంచినీళ్ళివ్వాలి. మొదటిసారి నాకది చెప్పినప్పుడు నేను నమ్మలేదండి. మాటంటే ఆగుద్దా అన్నాను. మా ఇంట్లో అలాంటి మాట లేదండి. చాలా మాటలు చూశాను. ఏవండీ అన్నాను, వద్దండీ అన్నాను, దేవుడి పేరు చెప్పాను. ఏదీ ఆ మాట కాదు.”

“అమ్మా, టిష్యూ కావాలా?”

“ఇది... ఇట్టా నాకెప్పుడూ చెప్పలా.”

“నీకెందుకు చెప్తుంది?”

“చర్చిలో. చర్చిలో ఎవరికీ చెప్పలా అంటన్నా.”

“చెప్తే వినేవాళ్ళా?”

“మొహమాటానికి ‘షై’ అని పెట్టావు. తప్పది.”

“అమ్మా, టాపిక్ మార్చకు.”

“మార్చట్లా. ‘షై’ అంటే సిగ్గు. మొహమాటం సిగ్గు కాదు. ఎదుటోళ్ళు బాధపడతారని మనం మింగటం. నోటిదాకా వచ్చింది మింగటం. దానికి మీ ఇంగ్లీషులో మాటుందా?”

“...లేదనుకుంటా.”

“అయితే ‘ఐ కుడ్ నాట్ సే నో’ అని పెట్టు.”

“అది బాగుంది. చాలా బాగుంది. చూశావా, నీకు కూడా ఈమె ఉండాలనే ఉంది.”

“ఉండాలనే ఉంది. అయినా తీసెయ్యి.”

“ఎందుకు? ఆమెకి ఇష్టమమ్మా! తనే వచ్చింది నా దగ్గరికి. ఆ టీచర్ ఫ్రెండ్ ద్వారా విని, ‘నేను తెలుగులో చెప్తానండి, ఇంగ్లీషులో అయితే అబద్ధాలు వచ్చేస్తాయి’ అంది. కన్సెంట్ అంతా పక్కాగా ఉంది. దాక్కుని దాక్కుని అలిసిపోయానంది. ఆమె నోరు ఒకసారి చర్చి మూసింది, ఇప్పుడు నేను మూయాలా?”

“నీకు పాప సంగతి చెప్పిందా?”

“ఏ పాప?”

“చూడు మరి.”

“ఏ పాపమ్మా?”

“ఆమె కూతురు. థర్డ్ గ్రేడ్.”

“లేదు. పిల్లలున్నారా అనడిగాను. ‘నేనొక్కదాన్నేనండి’ అంది. కెమెరా ఆపేశాక కూడా అదే అంది.”

“అంటది. నీ కెమెరాకి ఏదైనా ఇచ్చిద్ది గానీ పాపనివ్వదు. సగం రోజులు ఈమె దగ్గర, సగం రోజులు అతని దగ్గర. జూన్‌లో మళ్ళీ కోర్టు. మోజెస్ మొత్తం తనకే ఇచ్చెయ్యమంటన్నాడు. ఇప్పటిదాకా అతని దగ్గర నోటిమాట తప్ప ఏం లేదు. కాదని ఆమె లాయరు కొట్టిపడేస్తన్నాడు. నువ్వు ఆమె చేత ఆమె మాటలే చెప్పించి, ఫెస్టివల్లో పెద్ద తెర మీద వేస్తన్నావు. అతను నరసాపురం అల్లుడు ప్రిస్సీ. ఆ ‘ఆయ్’తో పదేళ్ళు కాపరం చేశాడు. నేను కనిపెట్టింది అతను కనిపెట్టలేడా?”

“ఆమె చేసేది ఇల్లీగల్ కాదు.”

“జడ్జి దగ్గర అదంతా ఎవరు వింటారు? ఆ గోడ చూస్తారు. ఆ గోడకి వేలాడేది చూస్తారు. పాప గురువారం అతని దగ్గరుండిద్ది కాబట్టి ఈమె గురువారాలే పనికి పోతది, పాప ఉన్న రోజు ఫోన్ కూడా తియ్యదు, ఇదంతా ఎవరు చెప్తారు?”

“గురువారమని సినిమాలో లేదు.”

“నువ్వే అన్నావుగా.”

“నేననలేదు. షూట్ డేస్ నీకు చెప్పలేదు.”

“చర్చిలో అనుకుంటారు.”

“రావద్దన్న మనిషి ఏ రోజు పనికెళ్తుందో చర్చిలో అనుకుంటారా?”

“అనుకుంటారు! పని లేనోళ్ళు అన్నీ అనుకుంటారు! నువ్వు నా మాటల్లో తప్పులు పట్టటం మానేసి, ఆ పిల్ల సంగతి ఆలోచించు.”

“అరవకు.”

“అరవట్లా.”

“...నాకు చెప్పి ఉండాల్సింది ఆమె.”

“ఎట్టా చెప్పిద్ది? చెప్తే నువ్వు భయపడి తీసేస్తావని భయం. చెప్పకపోతే పాప ఏమయిద్దోనని భయం. సంతకం పెట్టిన కాడ్నించీ నిద్ర లేదామెకి.”

“అదీ చర్చిలో అనుకున్నారా? సరే, వదిలెయ్. నేనేం చెయ్యాలో చెప్పు. మొత్తం తీసెయ్యలేను. నిజంగా తీసెయ్యలేను. ఆ ‘మాట’ గురించి చెప్పింది తీసేస్తే ఇక నాకు సినిమా లేదు.”

“ఆ మాటల్ని ఇంకొకళ్ళ చేత చెప్పించు. ఇంగ్లీషులో. ఎవరన్నా మంచి గొంతున్న అమ్మాయి చేత. ఊరు పేరు లేకుండా, అత్తగారు లేకుండా, ఆ ‘ఆయ్’ లేకుండా.”

“ఆయ్ లేకుండా అది ఆమె కాదమ్మా.”

“కాకూడదనే కదా.”

“అదే ఆమె! ఆ నవ్వు, ఆ ‘అండీ’. ఒక మనిషిని నేల మీద కూర్చోబెట్టి, ‘మీ మోకాలు నొప్పెట్టట్లేదు కదండీ’ అని అడుగుతుంది, అది ఎవరో యాక్టర్ చెప్తే...”

“ఆమె ఉండాల్సింది నీ సినిమాలో కాదు. పాప స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలి. ప్రిస్సీ. నిన్ను బతిమాలతన్నా.”

“నువ్వెప్పుడూ నన్ను బతిమాలలేదు. నేను ఇల్లొదిలి వెళ్ళేప్పుడు కూడా.”

“ఇప్పుడు బతిమాలతన్నా.”

“...ఆమెని అడగాలి ముందు. ఆమెని అడక్కుండా తీసినా తప్పే, అడక్కుండా ఉంచినా తప్పే.”

“అడుగు. కాల్ చెయ్యమాక, శనివారం పాప ఉండిద్ది. మెసేజ్ పెట్టు.”

“ఏమని పెట్టను? ఇంగ్లీష్‌లో పెడతా. ‘నీ వాయిస్ మొత్తం తీసేసి, వేరేవాళ్ళతో చెప్పిద్దామనుకుంటున్నా. నీ వాళ్ళు ఎవరైనా గుర్తుపట్టొచ్చని భయంగా ఉంది. నీకు ఓకేనా?’ పాప గురించి రాయనా?”

“రాయమాక. ఆమె చెప్పలేదు కాబట్టి నీకు తెలవదు.”

“సెండ్.”

“పొయ్యి కట్టేసొస్తా. అడుగంటిన వాసనొస్తంది.”

“...అమ్మా! అప్పుడే రిప్లై వచ్చింది.”

“ఏమంది?”

“‘అడుగుదామనుకున్నానండి. మీరు అంత కష్టపడ్డారు, మొహమాటపడి అడగలేకపోయాను. తీసెయ్యండి. మీకు దణ్ణం పెడతాను.’ ...అమ్మా. ఇన్నాళ్ళూ నాతో ‘ఎస్’ అంటూనే ఉంది. ప్రతి షూట్‌కీ టైమ్‌కి వచ్చింది. నాకు టీ పెట్టి ఇచ్చేది. నేను ఆమెని అడగలేదా, అడిగాను, అడిగానుగా! ‘ఓకేనా, ఓకేనా’ అని ప్రతిసారీ అడిగా.”

“‘ఓకేనా’ అనడిగితే ‘ఓకే’నే అంటది. ఆమె ఒక్కతే కాదు, మేమందరం అంతే. ఏడవమాక. ఇటు రా. ఇప్పుడు చేశావుగా. ఇప్పుడు చేశావు.”

“ప్రొడ్యూసర్ నన్ను చంపేస్తాడు. రెండు రోజుల్లో వేరే వాయిస్ ఎక్కడ తేను? సబ్‌టైటిల్స్ అంతా వేస్ట్. నీకు ఊరికే శ్రమ.”

“శ్రమేముంది. చెయ్యి కడుక్కో, కొంచెం తిను. వేడిగా ఉంది.”

“తింటా. ఒక్కటి మిగిలింది, అది చూసి తింటా. అది మాత్రం నేను తెలుగులోనే ఉంచుతా.”

“ఇంకా ఏంది? అన్నీ తీసేస్తన్నానన్నావుగా.”

“అందులో ఆమె మాటలు లేవమ్మా. ఆమె అనే రెండు ముక్కలూ కట్ చేస్తా, ప్రామిస్. కార్‌లో తీశాం. పార్కింగ్ లాట్‌లో కార్ ఆపి, లోపలికెళ్ళే ముందు ఎవరికో ఫోన్ చేస్తుంది. వీళ్ళందరికీ అలా ఒక మనిషి ఉంటారు. ఎక్కడికెళ్తున్నా, ఎవరొస్తున్నారు, ఎప్పటికి బయటికొస్తా, అన్నీ ఆ మనిషికి చెప్పి వెళ్తారు. చెప్పిన టైమ్‌కి తిరిగి కాల్ రాకపోతే ఆ మనిషి పోలీసులకి చెప్పాలి. మిగతావాళ్ళకి ఆ పని చేసేది బాయ్‌ఫ్రెండ్స్, లేకపోతే ఇదే పనిలో ఉన్న ఫ్రెండ్స్. ఈమెకి మాత్రం ఎవరో పెద్దావిడ. ఎవరండీ అనడిగితే నోరు తెరవలేదు. అవతలి గొంతు ఫోన్‌లోంచి చాలా చిన్నగా వినపడుతుంది. ఏదో గుసగుసగా, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు మాట్లాడుతుంది. సౌండ్ అతను ఎంత క్లీన్ చేసినా మాటలు తేలట్లేదు. ఎన్నిసార్లు విన్నానో. నాకు ఆ గొంతంటే పిచ్చి పట్టింది. మీ చర్చిలో అంతమంది ఉన్నారు, ఒక్కళ్ళు కూడా ఆమె ఫోన్ ఎత్తి ఉండరు. ఈవిడెవరో ప్రతి వారం ఎత్తుతుంది. అందుకే ఈ గొంతుని మార్చను, ఉన్నదున్నట్టు పెడతా. ఆవిణ్ణి ఎవరు గుర్తుపడతారు? ఆవిడకేం నష్టం?”

“ఇప్పుడొద్దు. తర్వాత చూద్దాం.”

“అర నిమిషం క్లిప్ అమ్మా.”

“కళ్ళు మండతన్నై. ఉల్లిపాయలు.”

“సరే, నువ్వు రెస్ట్ తీసుకో. గరాజ్ డోర్ చప్పుడైంది, డాడీ వచ్చినట్టున్నాడు. డాడీకి వినిపిస్తా. ఇన్నేళ్ళు కీబోర్డ్ వాయించిన చెవి, ఇట్టే పట్టేస్తాడు.”

“మీ డాడీకొద్దు.”

“విజువల్ చూపించనులే. ఆడియో ఒక్కటే. ఎక్కడిదో చెప్పను.”

“మీ డాడీకొద్దన్నానా! అతను కూడా ఎనకే వచ్చుంటాడు, డ్రమ్ములు దించటానికి.”

“మోజెస్సా? ఓకే, ఓకే. హెడ్‌ఫోన్స్ పెడతా. డాడీ ఒక్కడికే...”

“ప్లే చెయ్యమాక ప్రిస్సీ. ఆ మూత వెయ్యి. నేను చెప్తా, రాసుకో. ‘లోపలికెళ్ళు తల్లీ, భయపడమాక. నేను తలుపేసుకుని మోకాళ్ళ మీదే ఉంటా. నువ్వు బయటికొచ్చిందాకా ఫోను నా చేతిలోనే ఉండిద్ది.’ అంతే.”

“...నువ్వు అసలు వినలేదుగా అమ్మా. ఆవిడ అలా అందని నీకెలా తెలుసు?”

“ఆవిడ కాదే. నేనే అన్నాను.”